ఉవోజు ఒడ్డున ఆగిన ఓడ

కొన్నేళ్ళ కిందట ఒక సెమినార్ కోసం రాసిన పేపర్లో నేనొక వాక్యం రాశాను. 1918లో జపాన్లోని ఒక చిన్న రేవు ఊళ్ళో జాలరి ఆడవాళ్ళు తిరగబడి ఏకంగా ప్రభుత్వాన్నే కూలదోశారు అని. సాహిత్యంలో స్త్రీల నిరసన రూపాల గురించిన పేపర్ అది. అందులో మిగతాదంతా ఎంతమందికి గుర్తుందో గానీ ఆ ఒక్క వాక్యం మాత్రం అందరికీ నచ్చింది. టీ విరామంలో ఇద్దరు ముగ్గురు వచ్చి ఆ ఊరి పేరేమిటని అడిగి రాసుకున్నారు కూడా. జపాన్ బియ్యం అల్లర్ల మీద మైఖేల్ లూయిస్ రాసిన పుస్తకం (1990) చదివి, అందులోంచి నాకు కావలసినంత మేరకే తీసుకుని రాసిన వాక్యమది. తర్వాత ఆ ఊరు చూసే అవకాశం వచ్చింది. చూసి వచ్చాక ఆ వాక్యం నన్ను ఇబ్బంది పెట్టడం మొదలుపెట్టింది. దాన్ని సరిదిద్దుకోవడానికే ఈ వ్యాసం.

ఆ ఊరి పేరు ఉవోజు. జపాన్ పడమటి తీరంలో తొయామా అఖాతం ఒడ్డున ఉంది. తొయామా నగరం నుంచి లోకల్ రైల్లో అరగంట లోపు ప్రయాణం. స్టేషన్లో దిగి తల తిప్పితే ఒక పక్క మే నెలాఖరులో కూడా మంచు కరగని తతెయామా కొండలు, ఇంకో పక్క సముద్రం. ఈ రెండిటి మధ్యా ఊరు ఇరుకుగా సర్దుకుని ఉంటుంది. ఆ సముద్రం ఒడ్డు నుంచి కొద్ది దూరం వెళ్ళగానే వెయ్యి మీటర్ల లోతుకి దిగిపోతుంది. అందుకే వేరే చోట నడిసముద్రంలో దొరికేవి ఇక్కడ తీరం దగ్గరే వలలో పడతాయి. మార్చి నుంచి జూన్ దాకా రాత్రిపూట నీలంగా మెరిసే మిణుగురు స్క్విడ్లు ఒడ్డుకి వస్తాయి. ఆ నెలల్లోనే సముద్రం మీద ఎండమావులు కనిపిస్తాయి. కింద చల్లగాలి, పైన వెచ్చని గాలి ఉన్నప్పుడు వెలుగు వంగి అవతలి ఒడ్డున ఉన్న భవనాలు సాగినట్టూ, తలకిందులైనట్టూ కనబడతాయట. పర్యాటకులు ఈ రెండిటి కోసమే వస్తారు. నేను వెళ్ళిన రోజు కూడా కెమెరాలు నిలబెట్టుకుని కొందరు ముసలి మగవాళ్ళు ఒడ్డు పొడుగునా కూర్చుని ఉన్నారు. ఎండమావి మాత్రం రాలేదు.

నేను చూడ్డానికి వచ్చింది ఒక గిడ్డంగిని. నాకు తోడుగా వచ్చినావిడ తొయామాలో హైస్కూల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. నాకు వచ్చిన జపనీస్ దారి అడగడానికి సరిపోతుంది గానీ చరిత్ర అడగడానికి చాలదు. సెన్సెయ్ అంటే ఇక్కడ గురువుగారు. ఆవిణ్ణి అలాగే పిలిచేదాన్ని. సముద్రం ఒడ్డున ఒకప్పటి జూని బ్యాంకు వారి బియ్యం గిడ్డంగి ఇంకా నిలబడే ఉంది. బియ్యం అల్లర్లు మొదలైన చోటు ఇదేనని చెప్పే గుర్తు దాని దగ్గర ఉంది. బ్యాంకుకి బియ్యం గిడ్డంగి ఏమిటని మనకి అనిపించవచ్చు. భూస్వాములకి కౌలుదార్లు శిస్తు బియ్యం రూపంలోనే కట్టేవాళ్ళు. ఆ బియ్యం తాకట్టు వస్తువు, అమ్మకపు సరుకు కూడా. గిడ్డంగిలో నిల్వ చేసి ధర చూసి ఓడలకి ఎక్కించేవాళ్ళు. ఆ ఓడలు ఉత్తరాన హొక్కైడోకి వెళ్ళేవి. వరి సరిగ్గా పండని ఆ చలి దీవికి ఇక్కడి బియ్యం వెళ్తే, అక్కణ్ణించి ఎరువుగా వాడే ఎండు చేపలు, కొంబు అనే సముద్రపు నాచు వచ్చేవి. ఇది తరతరాల వ్యాపారం.

ఈ తీరపు జాలరి కుటుంబాలకి పొలాలు లేవు. బియ్యం వాళ్ళకి ఏ పూటకాపూట కొనుక్కునే వస్తువు. మగవాళ్ళు వేసవిలో హొక్కైడోకీ, ఇంకా పైన సఖలిన్ దీవికీ చేపల వేటకి వలస పోయేవాళ్ళు. వాళ్ళు డబ్బు పంపేదాకా ఇల్లు నెట్టుకు రావలసింది ఆడవాళ్ళే. వేసవిలో ఆ తిండి కరువు రోజులకి ఇక్కడ ఒక పేరుంది. తెలుగులో చెప్పాలంటే కుండలు పగిలే నెల. వండడానికి ఏమీ లేనప్పుడు కుండ ఉన్నా ఒకటే, పగిలినా ఒకటే. ఆ నెలల్లో ఆడవాళ్ళకి దొరికే కూలి పనుల్లో ఒకటి హమాలీ పని. ఓడ ఒడ్డుకి దూరంగా లంగరేసేది. గిడ్డంగి నుంచి గడ్డితో అల్లిన బస్తాలని వీపున మోసుకెళ్ళి చిన్న పడవల్లోకి చేర్చాలి. ఒక్కో బస్తా అరవై కిలోలు. అంటే ఏ బియ్యాన్ని తాము కొనలేకపోతున్నారో ఆ బియ్యాన్నే ఈ తీరపు ఆడవాళ్ళు వీపున మోసి ఊరు దాటించేవాళ్ళు. ఈ సంగతి పుస్తకంలో చదివినప్పుడు నేను దాని మీదుగా దాటిపోయాను. గిడ్డంగి గుమ్మం దగ్గర నిలబడి నీళ్ళ వరకూ అడుగులు లెక్కపెట్టుకున్నప్పుడు గానీ దాని బరువు నాకు తెలియలేదు.

1918 మొదట్లో ఒసాకా మార్కెట్లో ఒక కొకు బియ్యం పదిహేను యెన్లు. కొకు అంటే సుమారు నూట యాభై కిలోలు, పాతకాలపు లెక్కలో ఒక మనిషికి ఏడాది తిండి. జూలై మధ్యకి అది ముప్ఫై యెన్లు దాటింది. ఆగస్టు రెండో వారానికి యాభైకి చేరింది. ప్రపంచ యుద్ధం వల్ల పరిశ్రమలు, ఎగుమతులు పెరిగి డబ్బు చలామణి పెరిగింది, ధరలూ పెరిగాయి. జీతాలు, కూళ్ళు అంత వేగంగా పెరగలేదు. దానికి తోడు సైబీరియాకి సైన్యాన్ని పంపుతారన్న వార్త. సైన్యం కదిలితే బియ్యం కావాలి కదా అని వ్యాపారులు, భూస్వాములు నిల్వలు బిగబట్టారు. ఆ ఏడాది ఉత్తరాన వేట కూడా బాగా సాగలేదు. మగవాళ్ళ దగ్గర్నుంచి డబ్బు రాలేదు.

జూలై 23న ఇబుకిమారు అనే ఓడ ఉవోజు ముందు ఆగి ఉంది. హొక్కైడోకి బియ్యం ఎక్కించుకోవడానికి వచ్చింది. జాలరి కుటుంబాల ఆడవాళ్ళు నలభై యాభై మంది గిడ్డంగి దగ్గరికి చేరారు. బియ్యం ఊరు దాటించవద్దని అడిగారు. బస్తాల ఎక్కింపు ఆగిపోయింది. ఓడ బియ్యం లేకుండానే వెళ్ళిపోయింది. పోలీసులు వచ్చి ఆడవాళ్ళని చెదరగొట్టారు. జరిగింది ఇంతే. ఎవరూ ఏమీ తగలబెట్టలేదు. ఎవరి బస్తా దోచుకోలేదు.

ఆగస్టు మొదటి వారంలో ఇదే తీరంలో పడమర వైపున్న మిజుహాషిలో రెండు వందల మంది దాకా ఆడవాళ్ళు ఒడ్డున గుమిగూడి, గుంపులుగా విడిపోయి బియ్యం వర్తకుల ఇళ్ళకీ, ధనికుల ఇళ్ళకీ వెళ్ళారు. బియ్యం బయటికి పంపవద్దు, మాకు తక్కువ ధరకి అమ్మండి అన్నారు. నామెరికావాలో వేలమంది చేరారు. తకఓకా షింపో అనే స్థానిక పత్రిక ఆగస్టు 4న రాసిన వార్తని ఒసాకా పెద్ద పత్రికలు అందుకున్నాయి. అక్కణ్ణించి వార్త మంటలా పాకింది. క్యోటో, నగోయా, ఒసాకా, కోబె, టోక్యో. ఆగస్టు 12 రాత్రి కోబెలో సుజుకి షోతెన్ అనే పెద్ద వ్యాపార సంస్థ కార్యాలయాన్ని జనం తగలబెట్టారు. బొగ్గు గనుల్లో కార్మికులు డైనమైట్లతో తిరగబడ్డారు. వందకి పైగా చోట్ల ప్రభుత్వం సైన్యాన్ని దింపింది. ఎనిమిది వేలమందికి పైగా మనుషుల మీద కేసులు పెట్టింది. వాళ్ళలో అత్యధికులు మగవాళ్ళు. అంటరానితనం అనుభవించే బురాకు కులాలవాళ్ళు వాళ్ళ జనాభాతో పోలిస్తే చాలా ఎక్కువ సంఖ్యలో శిక్షలు అనుభవించారు. ఆ మాట విన్నప్పుడు మనకి వివరించి చెప్పవలసింది ఏమీ ఉండదు. సెప్టెంబరు చివర తెరఉచి మంత్రివర్గం దిగిపోయింది. హరా తకాషి ప్రధాని అయ్యాడు. ప్రభువంశపు బిరుదు లేని మొదటి ప్రధాని ఆయన. జపాన్ పార్లమెంటరీ రాజకీయాల చరిత్రలో అది పెద్ద మలుపు.

కాబట్టి నా వాక్యం పూర్తిగా అబద్ధం కాదు. ఉవోజు ఆడవాళ్ళకీ తెరఉచి పతనానికీ మధ్య సంబంధం ఉంది. కానీ ఆ మధ్యలో ఉన్నవాళ్ళందరినీ తుడిచేసి, ఆ ఆడవాళ్ళు ఎప్పుడూ అనుకోని ఉద్దేశాన్ని వాళ్ళకి అంటగట్టి నేను దాన్ని రాశాను.

ఈ సంగతి నాకు అర్థమయ్యేలా చేసింది ఒక ఎనభై ఏళ్ళు దాటిన ఆవిడ. సెన్సెయ్కి దూరపు బంధువు. గిడ్డంగి చూశాక వాళ్ళింటికి తీసుకెళ్ళారు. ఆవిడ నాయనమ్మ ఆ వేసవిలో ఒడ్డు మీద ఉన్న ఆడవాళ్ళలో ఒకరని ఆ కుటుంబంలో అందరికీ తెలుసు. కానీ ఆ నాయనమ్మ నోటివెంట ఆ మాట ఎవరూ వినలేదు. ఈవిడ బళ్ళో చదువుకుంటున్నప్పుడు చరిత్ర పాఠంలో బియ్యం అల్లర్ల గురించి చెప్పారట. తమ తీరం పేరు పుస్తకంలో ఉందని సంబరపడి ఇంటికొచ్చి నాయనమ్మని అడిగితే, ఆవిడ కూర్చున్న చోటు నుంచి లేచి వంటగదిలోకి వెళ్ళిపోయారట. ఆ రాత్రి తల్లి పిలిచి ఆ సంగతి ఇంకెప్పుడూ అడగొద్దని చెప్పిందట. ఎందుకని నేను అడిగాను. సిగ్గు అన్నారు ఆవిడ. ఏం సిగ్గు, గర్వపడాలి కదా అన్నాను నేను. సెన్సెయ్ ఆ మాట అనువదించలేదు. నావైపు చూసి ఊరుకున్నారు.

ఆ మౌనం తర్వాత చాలాసేపటికి ఆవిడే మాట్లాడారు. బియ్యం లేదని నలుగురిలో చెప్పుకోవడం సిగ్గు. దానికి మించిన సిగ్గు తర్వాత తగిలించిన పేరు వల్ల వచ్చింది. వాళ్ళు వెళ్ళింది అడగడానికి. దేశం దాన్ని అల్లరి అంది. తర్వాత ఊళ్ళు తగలబడితే ఆ మంటలు మీ ఆడవాళ్ళు పెట్టినవే అన్నారు. పెళ్ళి సంబంధాలు వెతికేటప్పుడు కూడా ఆ పేరు వెనకాలే వచ్చిందని ఆవిడ చెప్పారు. 

పేర్ల సంగతి ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. ఈ ఉద్యమానికి జపనీస్లో స్థిరపడిన పేరు కొమె సోదో. కొమె అంటే బియ్యం. సోదో అంటే గోల, అలజడి. అప్పటి పత్రికలు ఇంకా ముందుకి పోయి ఆడవాళ్ళ తిరుగుబాటు అన్నాయి, ఆడసైన్యం అన్నాయి. ఎచ్చూ అనేది ఈ ప్రాంతానికి పాత పేరు. ఎచ్చూ పెళ్ళాల తిరుగుబాటు అన్న పేరూ ప్రచారంలోకి వచ్చింది. ఆ శీర్షికల్లో భయమూ ఉంది, వెక్కిరింపూ ఉంది. ఆడవాళ్ళు సైన్యమట, చూడండి అన్న ధోరణి. మరో వైపు తొయామా స్థానికుల్లో చాలామంది అది అల్లరి కాదు, మొర పెట్టుకోవడం మాత్రమే అంటారు. మన భాషలో పెట్టుకుంటే ఒకటి దొమ్మీ, ఇంకొకటి మొర. పోలీసు రికార్డు దొమ్మీ అంటుంది. అవమానపడ్డ వారసులు మొర అంటారు. స్త్రీవాదిగా నేను వెళ్ళి విప్లవం అన్నాను. ముగ్గురమూ ఆ ఆడవాళ్ళని అడగకుండానే పేరు పెట్టాం.

నిజానికి అది ఈ రెండు మాటల్లో ఏ ఒక్కదాంట్లోనూ ఇమడదు. ధర పెరిగిన ప్రతిసారీ ఈ తీరంలో ఆడవాళ్ళు ఇలా వెళ్ళడం 1918కి ముందు నుంచీ ఉంది. 1890లో కూడా తొయామాలో బియ్యం అలజడి జరిగింది. దానికి ఒక పద్ధతి ఉంది. సాయంత్రం ఒడ్డున చేరడం, ధనికుల గుమ్మాల ముందుకి వెళ్ళడం, తలవంచి బతిమాలడం, బతిమాలుతూనే ఒప్పుకోకపోతే ఏమవుతుందో వినబడేలా అనడం. దానికి బదులుగా ఊరి పెద్దలు చవక బియ్యం అమ్మించాలి. ఊరి కడుపు నిండాకే సరుకు ఊరు దాటాలన్నది రాయని చట్టం. ఇంగ్లండులో పద్దెనిమిదో శతాబ్దపు రొట్టె అల్లర్ల గురించి ఇ.పి. థాంప్సన్ 1971లో రాసిన వ్యాసంలో నైతిక ఆర్థికత అన్న మాట వాడాడు. ఆ మాట ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. కానీ థాంప్సన్ చెప్పిన గుంపు ఇక్కడ పూర్తిగా ఆడవాళ్ళ గుంపు. మగవాళ్ళు ఊళ్ళో లేకపోవడం ఒక్కటే దానికి కారణం కాదు. కుండలో ఎంత ఉందో తెలిసినవాళ్ళూ, ఓడలోకి ఎంత పోతోందో తెలిసినవాళ్ళూ వాళ్ళే. ఈ రెండు లెక్కలూ ఒకే వీపు మీద ఉన్నాయి. అందుకే వాళ్ళు ధరల మీద వ్యాసాలు రాయలేదు, ఓడ దగ్గరికి వెళ్ళారు.

అదే ఏడాది టోక్యోలో చదువుకున్న స్త్రీల మధ్య ఇంకో చర్చ నడుస్తోంది. సెయితో పత్రికని స్థాపించిన హిరత్సుక రైచో, కవయిత్రి యొసానొ అకికొ, సోషలిస్టు యమకావా కికుఎ, యమాదా వకా పాల్గొన్న మాతృత్వ రక్షణ చర్చ అది. తల్లులకి ప్రభుత్వం డబ్బు సాయం చెయ్యాలా, అలా తీసుకోవడం స్త్రీ స్వాతంత్ర్యానికి భంగమా అన్నది ప్రశ్న. ప్రభుత్వం మీద ఆధారపడటం కూడా ఆధారపడటమే అని అకికొ. తల్లిగా చేసే పని సమాజానికి చేసే పనేనని రైచో. పెట్టుబడిదారీ వ్యవస్థ మారకుండా ఈ రెండూ సగం జవాబులే అని కికుఎ. ఈ చర్చని నేను ఎమ్మేలో చదివాను, పిల్లలకి పాఠంగా చెప్పాను. ఉవోజుని ఆ చర్చ పక్కన పెట్టి ఎప్పుడూ చదవలేదు. తల్లులకి ఎవరు తిండి పెట్టాలి అన్న ప్రశ్ననే పదకొండు మంది పిల్లల తల్లి అయిన అకికొ టోక్యోలో రాస్తుంటే, తొయామా ఆడవాళ్ళు గిడ్డంగి ముందు నిలబడి అడుగుతున్నారు. అకికొ ఆ ఏడాదే ఆహార అల్లర్ల మీద కూడా ఒక వ్యాసం రాసింది. అంటే ఆవిడకి ఈ రెండూ వేరు వేరు విషయాలు కావు. వేరు చేసింది మన సిలబస్సులే. చర్చ సాహిత్యంలోకి, అల్లరి చరిత్రలోకి పోయాయి.

ఇంకొక మాట. 1900 నాటి శాంతిభద్రతల చట్టం ఐదో అధికరణం ప్రకారం స్త్రీలు రాజకీయ సభలకి వెళ్ళకూడదు, పార్టీల్లో చేరకూడదు. సభకి వెళ్తే నేరం. ఒడ్డు మీద చేరడం మాత్రం వాళ్ళ రోజువారీ పని. అక్కడే నీళ్ళు, చేపలు, కూలి, కబుర్లు. రాజకీయం నిషిద్ధమైన వాళ్ళకి పని చేసే చోటే సభాస్థలం అయింది. తర్వాత రైచో, ఇచికావా ఫుసాఎ, ఒకు ముమెఒ నడిపిన నవ్య మహిళా సంఘం పోరాడి 1922లో సభలకి వెళ్ళే హక్కు సాధించింది. పార్టీల్లో చేరే హక్కు అప్పుడూ రాలేదు. 1925లో మగవాళ్ళందరికీ ఓటు వచ్చింది. బియ్యం అల్లర్లు ఆ సంస్కరణకి దారి వేశాయని చరిత్రకారులు అంటారు. ఆ దారి మొదట్లో నిలబడ్డ ఆడవాళ్ళకి ఓటు వేసే రోజు 1946 ఏప్రిల్ 10న గానీ రాలేదు. 1918లో పాతికేళ్ళ ఆవిడకి అప్పటికి యాభై మూడేళ్ళు.

ఇక్కడితో ముగిస్తే మనకి అలవాటైన కథే అవుతుంది. స్త్రీలు మొదలుపెట్టారు, ఫలితం మగవాళ్ళకి దక్కింది అని. కానీ దాని తర్వాత వచ్చే అధ్యాయం అంత సులువుగా మింగుడుపడేది కాదు. ఇంకెప్పుడూ ఇలాంటి అల్లర్లు రాకూడదని జపాన్ ప్రభుత్వం చవక బియ్యం దారి వెతికింది. ఆ దారి కొరియాకి వెళ్ళింది. 1910 నుంచి కొరియా జపాన్ వలస. గద్దె దిగిన తెరఉచి అక్కడ మొదటి గవర్నర్ జనరల్గా పనిచేసినవాడే. 1920లో కొరియాలో వరి దిగుబడి పెంచే పెద్ద పథకం మొదలైంది. దిగుబడి కొంత పెరిగింది. ఎగుమతి దాన్ని మించి పెరిగింది. కొరియా రైతు తను పండించిన వరి ఓడెక్కించి, మంచూరియా నుంచి వచ్చే చిరుధాన్యాలు తిన్నాడు. అక్కడి గిడ్డంగుల ముందు ఆకలితో నిలబడ్డ ఆడవాళ్ళ దగ్గరికి ఏ ఓడా ఆగలేదు. ఉవోజు ఆడవాళ్ళు ఇది కోరలేదు. వాళ్ళు అడిగింది తమ ఊరి బియ్యం తమ ఊళ్ళో ఉండాలనే. ఆ కోరికని సామ్రాజ్యం తన భాషలోకి అనువదించుకుంది. వేరేవాళ్ళ ఊరి బియ్యం మన ఊరికి రావాలి అని. ఒక చోట స్త్రీల గెలుపు ఇంకొకచోట స్త్రీల ఆకలిగా ఎలా మారుతుందో చెప్పకుండా ఉవోజు కథ చెప్పడం నాకిప్పుడు అన్యాయంగా తోస్తుంది.

ఆ ఏడాది బియ్యం మన వైపు కూడా మనుషుల్ని వీధిలోకి తెచ్చింది. 1918లో మద్రాసు ప్రెసిడెన్సీలో ధాన్యం, బట్టల ధరలు మండి బజార్ల మీద దాడులు జరిగాయి. సెప్టెంబరులో మద్రాసు నగరంలోనే దోపిడీలు జరిగాయి. డేవిడ్ ఆర్నాల్డ్ 1979లో వీటి మీద వివరంగా రాశాడు. అదే యుద్ధం, అవే ధరలు, ఓడల కొరత. బర్మా బియ్యం మీద ఆధారపడ్డ తీరం మనది. రంగూన్ రేవులో ఆ బియ్యం మోసిన హమాలీల్లో ఎక్కువమంది గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి వలసపోయిన తెలుగువాళ్ళు. జపాన్ పేదలు ఆ రోజుల్లో చవగ్గా దొరుకుతుందని కొని, వాసన భరించలేక తిట్టుకుంటూ తిన్న విదేశీ బియ్యంలో రంగూన్ బియ్యం కూడా ఉంది. తొయామా మగవాళ్ళు ఉత్తరానికీ, మన తీరపు మగవాళ్ళు రంగూన్కీ వలస పోయారు. రెండు చోట్లా ఇంటి దగ్గర ఖాళీ కుండ ముందు కూర్చున్నది ఆడవాళ్ళే. ఇదంతా నా పేపర్లో ఎక్కడా లేదు. నాకు కథానాయికలు కావలసి వచ్చారు గానీ బియ్యం వెళ్ళిన దారి అక్కర్లేకపోయింది.

ఆ ముసలావిడ ఇంట్లో మధ్యాహ్నం మాకు అన్నం ముద్దలు పెట్టారు. ఈ ప్రాంతంలో వాటిని కొంబు నాచు తురుముతో చుడతారు. మెత్తగా, ఉప్పగా, కొంచెం పుల్లగా ఉంది. కొంబు ఇక్కడ దొరకదు, హొక్కైడో నుంచే రావాలని సెన్సెయ్ చెప్పారు. బియ్యం పట్టుకెళ్ళిన ఓడలు తిరుగు ప్రయాణంలో తెచ్చిన అలవాటు అది. నాయనమ్మ కూడా ఇలాగే చేసేవారా అని అడిగాను. ఈసారి సెన్సెయ్ అనువదించారు. ఆవిడ మొహం విప్పారింది. నాయనమ్మ ముద్ద చేసే పద్ధతి, చేతికి ఉప్పునీళ్ళు రాసుకోవడం, మెతుకు నేల మీద పడితే తీసి నోట్లో వేసుకోవడం, గిన్నె కడిగిన నీళ్ళు కూడా పారబోయకపోవడం అన్నీ చెప్పుకొచ్చారు. 1918 గురించి అడిగితే లేచి వెళ్ళిపోయిన మనిషి మెతుకు గురించి మనవరాలికి ఇంత చెప్పి పోయింది. నేను అడగవలసిన ప్రశ్న మొదటి నుంచీ ఇదేనేమో అనిపించింది.

స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలతో మాట్లాడి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చారు. ఆ పుస్తకం మన తరానికి పాఠం నేర్పింది. జ్ఞాపకం నాయకులు రాసిన చరిత్రలో కుదురుగా కూర్చోదనీ, అడిగేవాళ్ళు తమ ప్రశ్నని మార్చుకుంటే గానీ చెప్పేవాళ్ళ గొంతు రాదనీ. ఆ పాఠం నాకు కంఠతా వచ్చు. క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను కూడా. ఉవోజు దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాను. దూరదేశపు ఆడవాళ్ళు కాబట్టి వాళ్ళు తేలిగ్గా ప్రతీకలైపోయారు. మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళ గురించి ఇలాంటి ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే నేనే ఒప్పుకోను. సారా అంగడి ముందు నిలబడ్డ ఆ రోజు వెనక ఎన్ని రాత్రులున్నాయో మనకి తెలుసు కాబట్టి.

2021లో ఈ సంఘటన మీద జపాన్లో ఒక సినిమా వచ్చింది. తొయామాలోనే పుట్టిన మొతోకి కత్సుహిదె దర్శకుడు. నామెరికావాకి చెందిన నటి మురోయి షిగెరు అందులో ఆడవాళ్ళని కూడగట్టే ముసలమ్మ వేషం వేసింది. సిగ్గుతో కప్పిపెట్టిన జ్ఞాపకాన్ని ఆ ప్రాంతం వాళ్ళే తెర మీదకి తెచ్చుకోవడం మంచిదే. ముసలావిడ ఆ సినిమా చూశారట. బాగుందా అంటే బాగుందన్నారు. నాయనమ్మ చూసి ఉంటే ఏమనేవారని అడగబోయి ఈసారి నన్ను నేను ఆపుకున్నాను.

సాయంత్రం స్టేషన్కి వెళ్ళేముందు మళ్ళీ ఒడ్డుకి వెళ్ళాం. కెమెరాల వాళ్ళు సర్దుకుని వెళ్ళిపోయారు. గిడ్డంగి తలుపు మూసి ఉంది. నా పేపర్ని ఒక సంకలనంలో వేస్తామని అడిగారు. దాన్ని మళ్ళీ రాస్తున్నాను. ఆ వాక్యం ఉన్న చోట ప్రస్తుతానికి ఇలా ఉంది. 1918 జూలై 23న ఉవోజు ఒడ్డున జాలరి కుటుంబాల ఆడవాళ్ళు నలభై యాభై మంది, అప్పుడప్పుడూ తామే మోసే బియ్యాన్ని ఊరు దాటనివ్వొద్దని అడిగారు, ఆ రోజు ఓడ బియ్యం లేకుండా వెళ్ళింది. తెరఉచి, కోబె మంటలు, ఓటు హక్కు, కొరియా వరి, రంగూన్ హమాలీలు అన్నీ ఆ తర్వాతి పేజీల్లోకి వెళ్ళాయి. పేపర్ పొడుగైంది. సంపాదకురాలు తగ్గించమంటున్నారు. ఏది తగ్గించాలో ఇంకా తేల్చుకోలేదు గానీ, ఈ వాక్యాన్ని మాత్రం తగ్గించను.